నాన్నగారి అంబాసిడర్‌కు తుప్పు పట్టిన డోర్లు: ఎఫ్‌డీ తెంచాలా, బంగారం తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: మాది అనంతపురం. నాన్నగారు 1986లో కొన్న అంబాసిడర్, ఆయన పోయిన దగ్గర్నుంచి రెండేళ్లుగా ఇంటి ముందే నిలబడి ఉంది. ఇంజిన్ బాగానే ఉంది. నాలుగు డోర్లూ కింది అంచున తుప్పు పట్టి రేకు రాలిపోతోంది. తుప్పు కోసేసి కొత్త రేకు వేయడానికి షెడ్డులో డోరుకు రూ.14,000 చెప్పారు. బెంగళూరు నుంచి పాత డోర్లు తెచ్చి బిగిస్తే డోరుకు రూ.11,000 అంటున్నారు. ఎలా చేయించినా బండి మొత్తానికి పెయింటు రూ.65,000. నా జీతం చేతికి రూ.62,000. ఇంటి అప్పు కంతుతో సహా ఖర్చులన్నీ పోను నెలకు రూ.12,000 మిగులుతుంది. సేవింగ్స్ ఖాతాలో రూ.90,000 ఉన్నాయి. పాప ఇంజినీరింగ్ ఫీజుకని వేసిన రూ.3 లక్షల ఎఫ్‌డీ వచ్చే జూన్‌లో చేతికొస్తుంది. ఆ ఎఫ్‌డీ తెంచాలా, బంగారం తాకట్టు పెట్టాలా?

జవాబు: రెండూ వద్దు. రిపేరు రూ.56,000, పెయింటు రూ.65,000 కలిపితే రూ.1,21,000. బంగారం మీద నూటికి రూపాయి వడ్డీకే దొరికిందనుకున్నా, ఏడాదికి వడ్డీ రూ.14,520 అవుతుంది. అంటే ఒక డోరు రిపేరు డబ్బు వడ్డీకే పోయినట్టు. ఎఫ్‌డీ ముందే తెంచితే బ్యాంకు ఉంచిన కాలానికి తగ్గ రేటే ఇస్తుంది, అందులోనూ మామూలుగా అర శాతం నుంచి ఒక శాతం దాకా కోత వేస్తుంది. కోత సంగతి అలా ఉంచితే, జూన్‌లో కాలేజీ ఫీజు ఆగదు, బండి ఆగుతుంది. ఇక సేవింగ్స్‌లోని రూ.90,000 అంటారా, మీ ఇల్లు నడవడానికి నెలకు రూ.50,000 కావాలి కాబట్టి అది రెండు నెలలకు కూడా చాలదు. దాన్నీ ముట్టుకోకండి.

మిగిలింది నెలకు రూ.12,000. అందులో రూ.8,000 బండికి, రూ.4,000 సేవింగ్స్‌కు వేసుకోండి. బండికి వేసేది వేరే ఖాతాలో పెట్టండి. పని మొత్తం అయ్యేసరికి ఏడాదిన్నర పడుతుంది. ఈలోగా అత్యవసర నిధి కూడా మూడు నెలల ఖర్చు దాటుతుంది. అంతకాలం డోర్లు విప్పి పెట్టుకోలేం కదా అంటారేమో, అక్కర్లేదు. ఎక్కడ ఆపొచ్చో తెలిస్తే బాడీ పనిని విడతలుగా చేయించుకోవచ్చు. అది కింద చెబుతాను.

షెడ్డుకు వెళ్లేముందు కాగితాలు చూసుకోండి. ఆర్‌సీ ఇంకా నాన్నగారి పేరునే ఉంటే ఫారం 31తో వారసుడిగా మీ పేరుకు మార్పించుకోవాలి. మరణ ధ్రువపత్రం, వారసత్వ పత్రం, మిగతా వారసుల సమ్మతి దగ్గర పెట్టుకోండి. యజమాని పోయాక ఆయన పేరునున్న బీమా పాలసీ మూడు నెలలు, లేదా గడువు తీరేదాకా, ఏది ముందైతే అంతవరకే వారసులకు చెల్లుతుంది. కాబట్టి ఇప్పుడు ఆ బండిని షెడ్డు దాకా నడపడం కూడా ప్రమాదమే. థర్డ్ పార్టీ పాలసీ మీ పేరున తీసుకున్నాకే రోడ్డెక్కించండి. ఆర్‌సీ గడువు తీరిందేమో కూడా చూడండి. 20 ఏళ్లు దాటిన కార్లకు ఐదేళ్ల రెన్యువల్ రుసుమును 2025 ఆగస్టులో కేంద్రం రూ.10,000కు పెంచింది. హరిత పన్ను దీనికి అదనం. మొదటి రెండు నెలల డబ్బు వీటికే పోతుంది, పోనివ్వండి. కాగితాలు లేని బండికి పెయింటు వేయించి లాభం లేదు.

తర్వాత, ఎస్టిమేట్ ఒప్పుకునే ముందు, కూలి ఎంతో కొంత ఇచ్చి నాలుగు డోర్ల లోపలి రెక్సిన్ కార్డులు విప్పించి మీరే దగ్గరుండి చూడండి. బయట కనిపించే తుప్పు కంటే లోపల ఉన్నదే ఖర్చును నిర్ణయిస్తుంది. సన్నని గుడ్డ చుట్టిన అయస్కాంతాన్ని డోరు కింది నాలుగు అంగుళాల మీద నడిపించండి. అంటుకోని చోట పాత పుట్టీ మందంగా ఉందని అర్థం. స్క్రూడ్రైవర్ మొనతో లోపలి ఫ్రేమును, ముఖ్యంగా హింజులు బిగించే చోటును, తాళం ఉండే చివరను నొక్కి చూడండి. డోరు సగం తెరిచి అంచు పట్టి పైకెత్తండి. కదిలితే హింజు పిన్నులు అరిగాయేమో, డోరు వేలాడే పిల్లరే (బాడీలోని నిలువు స్తంభం) పుచ్చిందేమో తేల్చుకోవాలి. ఆ తర్వాత డోరు కింది సిల్‌ను, అంటే గుమ్మంలా అడుగున పొడుగునా ఉండే భాగాన్ని, చూడండి. అంబాసిడర్‌కు విడిగా ఛాసీ ఉండదు, బరువు మోసేది బాడీయే. సిల్, పిల్లర్ పుచ్చి ఉంటే డోర్ల లెక్క పక్కన పెట్టి ముందు వాటికి ఎస్టిమేట్ అడగండి. ఆ పని డోర్లు బిగించి ఉండగానే జరగాలి. లేకపోతే డోరు సందు వంకర పోయి తర్వాత ఏ డోరూ సరిగా పడదు.

వానలు తక్కువ పడే అనంతపురంలో ఇంత తుప్పేమిటని మీకు అనిపించి ఉంటుంది. కారణం దుమ్ము. గ్లాస్ రబ్బరు ఎండకు గట్టిపడి పగిలితే కడిగిన నీళ్లు డోరు లోపలికి దిగుతాయి. అడుగున ఉండే చిన్న రంధ్రాల్లోంచి అవి బయటికి పోవాలి. దుమ్ము బురదై ఆ రంధ్రాలను మూసేస్తుంది. రేకు ఫ్రేము చుట్టూ మడిచిన అంచులో తడి నిలిచి లోపలి నుంచి తినేస్తుంది. రబ్బర్లు మార్చకుండా రేకు ఒక్కటే మారిస్తే మళ్లీ ఇదే కథ. కాబట్టి నాలుగు డోర్ల గ్లాస్ రబ్బర్లు, బీడింగ్ కూడా ఎస్టిమేట్‌లో రాయించండి.

రిపేరా, పాత డోరా? తుప్పు కింది ఆరు అంగుళాల లోపే ఉండి, హింజుల చోటు గట్టిగా ఉంటే రిపేరే మేలు. ఫ్రేము పుచ్చిన డోరును మాత్రమే మార్చండి. రూ.3,000 తేడా చూసి నాలుగూ మార్చడం నాకు నచ్చదు. ఒక బండికి కుదిరిన డోరు ఇంకో బండికి సూటిగా కూర్చోదు, సందులు సరిచేయడానికి మళ్లీ కూలి. పైగా కొత్తగా పెయింటు కొట్టిన పాత డోరు కింద ఏముందో విప్పితే గానీ తెలియదు. కొనాల్సి వస్తే పెయింటు కొట్టనిదే అడగండి. గ్లాసు, దాన్ని ఎత్తి దించే గ్లాస్ మెషిన్, తాళం, హ్యాండిల్ ఆ రూ.11,000లో ఉన్నాయా, మీ పాతవి అందులో పడతాయా, రవాణా ఎవరిది అన్నవి ముందే తేల్చుకోండి.

రిపేరులో మీరు చెల్లించేది చేతిపనికి, రేకుకు కాదు. 20 గేజ్ (దాదాపు ఒక మిల్లీమీటరు మందం) సీఆర్ ఉక్కు రేకు నాలుగు డోర్లకూ కలిపి ఏడు కిలోలు చాలు. అందుకే పనితనాన్ని గట్టిగా అడగండి. గ్యాస్ వెల్డింగ్ వేడికి పలచని రేకు అలలు తేలుతుంది. ఆ అలలను పుట్టీతో నింపుతారు, మూడు మిల్లీమీటర్లు దాటిన పుట్టీ డోరు వేసిన ప్రతిసారీ అదిరి ఏదో ఒకరోజు పగులుతుంది. మిగ్ వెల్డింగ్ (కరెంటుతో సన్నని తీగను కరిగించి అతికేది) ఉన్న షెడ్డు చూసుకోండి. అంగుళానికొక చుక్క చొప్పున, ఒకచోట పెట్టి ఇంకోచోటికి మారుతూ, చల్లారనిచ్చి వేయాలి. పాత రేకు మీద కొత్తది కప్పి అతికితే మధ్యలో నీరు చేరుతుంది, కాబట్టి అంచుకు అంచు కలపాలి. మడత వేసేముందే లోపలి వైపు ఎపాక్సీ ప్రైమర్ పూయించండి. పని మొదలవకముందే బ్యాటరీ వైరు విప్పించి గ్లాసులు తీయించండి. నిప్పురవ్వ పడితే గ్లాసు మీద మచ్చ పోదు.

విడతలుగా ఆపగలిగే చోటు ఈ ఎపాక్సీ ప్రైమరే. మామూలు ప్రైమర్ నీటిని పీలుస్తుంది, ఎపాక్సీ అడ్డుకుంటుంది. బాగా పాడైన రెండు డోర్లు ముందు చేయించి, ఎపాక్సీ దశలో ఆపి, మిగతా రెండూ కొన్ని నెలల తర్వాత చేయించవచ్చు. పెయింటు అన్నిటికంటే చివర. అప్పుడు 320 నంబరు ఎమరీతో రుద్ది పై పూతలు వేస్తారు. ఈలోగా బండిని నీడన ఉంచండి. ఎపాక్సీ ఎండకు పొడి రాలుతుంది. ప్లాస్టిక్ పట్టా కప్పితే లోపల చెమ్మ పడుతుంది, గాలాడే గుడ్డ కవరు వాడండి.

డబ్బు కూడా పని వెంటే నడవాలి. ప్రతి రెండు డోర్లకు రూ.28,000 కదా, అడ్వాన్సు రూ.8,000 ఇవ్వండి. వెల్డింగ్ అయ్యాక, పుట్టీ పెట్టకముందు ఫోన్ చేయమని చెప్పి, వెళ్లి చూసి, ఫొటోలు తీసుకుని రూ.12,000 ఇవ్వండి. మిగతా రూ.8,000 నీళ్ల పరీక్ష అయ్యాకే. గ్లాసు ఎక్కించాక గ్లాస్ రబ్బరు మీద చెంబెడు నీళ్లు పోయండి. లోపలికి దిగిన నీళ్లు అడుగు రంధ్రాల్లోంచి ధారగా రావాలి. రాకపోతే పుట్టీతోనో సీలెంట్‌తోనో రంధ్రాలు మూసేశారన్నమాట. పెయింటర్లు చాలాచోట్ల చేసే పొరపాటు ఇది. పెయింటు కూడా పూర్తయ్యాక అవే రంధ్రాల్లోంచి లోపలికి మైనపు స్ప్రే కొట్టించండి.

బీమా నుంచి ఈ ఖర్చు రాదు. అరుగుదల, తరుగుదల పాలసీలో మినహాయింపులు. ఐదేళ్లు దాటిన బండికి ఐడీవీ, అంటే బీమాలో బండికి కట్టే విలువ, మీరూ కంపెనీ మాట్లాడుకుని నిర్ణయించుకునేదే, కాబట్టి బిల్లులు, ఫొటోలు దాచుకుంటే సొంత నష్టం పాలసీకి మంచి విలువ అడగవచ్చు. అయినా పదేళ్లు దాటిన బండిలో లోహ భాగాలకు క్లెయిమ్‌లో సగమే ఇస్తారు. పెట్టిన డబ్బు అమ్మకంలో తిరిగొస్తుందని కూడా లెక్క వేయకండి. ఇది పెట్టుబడి కాదు, నాన్నగారి బండి మీద ఇష్టంతో పెట్టే ఖర్చు. అలాగే రాసుకోండి, అందులో తప్పేమీ లేదు. 2036లో బండికి యాభై ఏళ్లు నిండాక వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు వెళ్లే ఆలోచన ఉంటే మాత్రం బాడీ ఆకారం, ఇంజిన్ మార్చకండి. ఆ నిబంధనలు దాన్ని ఒప్పుకోవు. ఆ నంబరు తీసుకున్నాక ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు తప్ప రోజువారీ తిరగడానికి కుదరదు.