దగ్గు, జలుబుకు ఇంట్లో పెంచుకోవడానికి ఏ మొక్క మంచిది?

బాల్కనీలో ఒకటి రెండు కుండీలకే చోటుంది, దగ్గు జలుబుకు పనికొచ్చే మొక్క ఏది పెట్టాలని అడిగారు. నేనైతే వాము ఆకుతో మొదలుపెట్టమంటాను. వాము గింజలిచ్చే మొక్క వేరు. థైమాల్ అనే ఘాటు వాసన పదార్థం రెండింటిలోనూ ఉంటుంది కాబట్టి వాసన దగ్గరగా ఉంటుంది.

దీనికి విత్తనం అక్కర్లేదు. నాలుగైదు అంగుళాల కొమ్మ తుంచి, కింది ఆకులు తీసేసి, ఇసుక కలిపిన మట్టిలో గుచ్చితే రెండు మూడు వారాల్లో వేళ్లు పట్టేస్తుంది. ఆకులు మందంగా, నూగుతో ఉంటాయి. నీళ్లను వాటిలోనే దాచుకుంటుంది కాబట్టి ఎండ కంటే అతిగా పోసే నీళ్లతోనే ఎక్కువ ముప్పు. వేలు అంగుళం లోతుకు దించి చూడండి, మట్టి పొడిగా తగిలితేనే పోయండి. కాండం మొదట్లో నల్లబడి మెత్తగా అయిందంటే కుళ్లు పట్టినట్టే. పైన బాగున్న కొమ్మ కోసి వేరే కుండీలో నాటుకోండి. చివర్లు తుంచుతూ ఉంటే గుబురుగా వస్తుంది.

రెండు మూడు ఆకులు కడిగి, గ్లాసు నీళ్లలో ఐదు నిమిషాలు మరిగించి గోరువెచ్చగా తాగుతారు. గొంతు గరగరకు కాస్త హాయిగా ఉంటుంది, అంతవరకే ఆశించండి. జలుబు తగ్గడానికి దాని టైమ్ అది తీసుకుంటుంది.

తేనె కలిపితే మాత్రం ఏడాదిలోపు పిల్లలకు అస్సలు పట్టొద్దు, బొటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు వచ్చే ప్రమాదం ఉంది. గర్భిణులు, రోజూ మందులు వేసుకునేవాళ్లు ముందు డాక్టర్‌ని అడగాలి. ఆయాసం, తగ్గని జ్వరం, కఫంలో రక్తం కనిపిస్తే కషాయాలతో రోజులు గడపకండి, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.