టెక్ సందేహాలు: యాప్‌లో వేడి, ఇంట్లో చలి

చలి మొదలవబోతోందంటే నా మెయిల్‌బాక్స్ నిండా హీటింగ్ ప్రశ్నలే. ఈసారి అన్నీ ఒకేచోట చూసేద్దాం.

ప్రశ్న: వేసవి అంతా హీటింగ్ ఆపేశాం. నిన్న ఫోన్‌లోంచి ఆన్ చేస్తే యాప్ ‘హీటింగ్’ అని చూపిస్తోంది కానీ, గంటైనా వెచ్చటి గాలి రాలేదు. తప్పు యాప్‌దా, థర్మోస్టాట్‌దా?

రెండింటిదీ కాకపోవచ్చు. థర్మోస్టాట్, అంటే గది వేడిని చూసుకునే గోడ మీది పరికరం, వేడి అడిగిందన్న సంగతే యాప్ మీకు చెబుతోంది. అడిగింది వచ్చిందో లేదో గది వేడెక్కితే తప్ప దానికీ తెలీదు. కాబట్టి ఫోన్ జేబులో పెట్టుకుని ఫర్నేస్, అంటే ఇంటికి వేడి గాలి పంపే యంత్రం దగ్గరికి వెళ్లండి.

దాని పక్కన గోడకి మామూలు లైట్ స్విచ్‌లాంటిది ఉంటుంది. వేసవిలో ఎవరో ఒకరు దాన్ని కట్టేసి మర్చిపోతారు. బ్రేకర్ పడిపోయిందేమో, గ్యాస్ వాల్వ్ మూసేసి ఉందేమో కూడా చూడండి. తర్వాత ఫర్నేస్ తలుపు. దాని వెనక ఒక సేఫ్టీ స్విచ్ ఉంటుంది, తలుపు సరిగ్గా కూర్చోకపోతే యంత్రం కదలదు. పోయినేడాది నేనే ఫిల్టర్ మార్చి, తలుపు వంకరగా పెట్టి, రెండు గంటలు యాప్‌తో కుస్తీ పట్టాను. వైఫై రీసెట్ కూడా చేశాను, సిగ్గు లేకుండా!

అప్పటికీ మొదలవకపోతే లోపలి సర్క్యూట్ బోర్డు మీద మిణుకుమనే చిన్న లైటును గమనించండి. ఎన్నిసార్లు మిణుకుమంటే ఏ లోపమో చెప్పే పట్టిక మామూలుగా తలుపు లోపలివైపు అంటించి ఉంటుంది. ఆ లైటును వీడియో తీసి టెక్నీషియన్‌కి పంపితే సగం పని అయిపోయినట్టే.

వేడి కాసేపు వచ్చి, ఆగి, మళ్లీ వస్తోందంటే ముందు ఫిల్టర్‌ని అనుమానించండి. అది మూసుకుపోతే గాలి చాలక ఫర్నేస్ మరీ వేడెక్కి, లిమిట్ స్విచ్ బర్నర్‌ను ఆపేస్తుంది. కొత్తది పెట్టేటప్పుడు దాని మీది బాణం గాలి వెళ్లే దిక్కుకి, అంటే ఫర్నేస్ వైపు ఉండాలి. ఫిల్టర్ ధూళిని ఎంత బాగా పడుతుందో చెప్పే ‘మెర్వ్’ అంకె ఎంత ఎక్కువైతే అంత మంచిదని కొందరు నేరుగా 13 కొనేస్తారు. అది సన్నటి ధూళిని కూడా పడుతుంది, నిజమే. కానీ గాలికీ అంతే అడ్డం. మీ ఫర్నేస్ ఎంతవరకు తట్టుకుంటుందో మాన్యువల్‌లో చూసుకుని కొనండి. యాప్ ఇచ్చే ఫిల్టర్ రిమైండర్ కూడా చాలావాటిలో రోజులనో, ఫ్యాన్ తిరిగిన గంటలనో లెక్కపెట్టేదే. మురికిని అది చూడలేదు, మీరే తీసి చూడాలి.

మొదటిసారి వెలిగించినప్పుడు దుమ్ము మాడిన వాసన కాసేపు రావడం మామూలే. ప్లాస్టిక్ కాలిన వాసన వస్తే మాత్రం వెంటనే ఆపేయండి. గ్యాస్ వాసన వస్తే ఏ స్విచ్చూ ముట్టుకోకుండా బయటికి వెళ్లి ఫోన్ చేయండి.

ప్రశ్న: త్వరగా వేడెక్కాలని మావారు థర్మోస్టాట్‌ను 30కి పెడతారు. పని చేస్తుందా?

బర్నర్ ఆన్, ఆఫ్ మాత్రమే అయ్యే సిస్టంలో పని చేయదు. 21కి పెట్టినా 30కి పెట్టినా ఇల్లు వేడెక్కే వేగం ఒకటే. ఆయన మర్చిపోయి నిద్రపోతే మాత్రం తేడా బిల్లులో తెలుస్తుంది.

ప్రశ్న: మాది గదుల్లోని రేడియేటర్లకు వేడినీళ్లు పంపే బాయిలర్. ఒక రేడియేటర్ కింద వేడిగా, పైన చల్లగా ఉంది. బాయిలర్ ప్రెషర్ మీటర్ 0.6 బార్ చూపిస్తోంది.

పైన చల్లగా ఉంటే లోపల గాలి చేరినట్టు. హీటింగ్ ఆపి, రేడియేటర్ చల్లారాక, పైమూలనున్న వాల్వ్‌ను రేడియేటర్ తాళంచెవితో అర చుట్టు తిప్పండి. కింద గుడ్డ పట్టుకోండి, వచ్చే నీళ్లు నల్లగా ఉంటాయి. బుస్సుమనడం ఆగి నీళ్లు కారడం మొదలవగానే బిగించేయండి. ఇలా గాలి తీస్తే ప్రెషర్ ఇంకా పడుతుంది కాబట్టి, తర్వాత ఫిల్లింగ్ వాల్వ్‌తో నీళ్లు నింపండి. బాయిలర్ చల్లగా ఉన్నప్పుడు సాధారణంగా 1 నుంచి 1.5 బార్ ఉండాలి. వారం తిరక్కుండా మళ్లీ పడిపోతే ఎక్కడో లీకు ఉంది. రోజూ నింపుకుంటూ కూర్చోకుండా మనిషిని పిలవండి. ఇంకో రేడియేటర్ ఏదైనా పైన వేడిగా, కింద చల్లగా ఉంటే అది గాలి కాదు, అడుగున చేరిన మడ్డి. దానికి ఈ తాళంచెవి పనికిరాదు.

ప్రశ్న: నా పాత నెస్ట్ థర్మోస్టాట్ ఇక యాప్‌లో కనిపించడం లేదు. చలికాలం ముందు మార్చేయాలా?

2011, 2012లో వచ్చిన మొదటి రెండు తరాల నెస్ట్ లెర్నింగ్ థర్మోస్టాట్లకు గూగుల్ 2025 అక్టోబర్ 25న సపోర్ట్ ఆపేసింది. ఫోన్‌తో నడపడం కుదరదు, అప్‌డేట్లు రావు. గోడ మీద చక్రం తిప్పితే పని చేస్తుంది, షెడ్యూల్ కూడా నడుస్తుంది. దశాబ్దం దాటిన వస్తువే అయినా, బాగా పని చేస్తున్నదాన్ని సగం మొద్దుగా మార్చేయడం నాకు నచ్చలేదు. అయితే ఈ ఒక్క కారణంతో పరుగెత్తి కొత్తది కొననక్కర్లేదు.

మార్చాలనే అనుకుంటే ముందు బ్రేకర్ కట్టేసి, పాతదాని వైర్లు ఏ అక్షరం దగ్గరున్నాయో ఫోటో తీసుకోండి. ‘సి’ వైరు ఉందా చూడండి, చాలా కొత్త మోడళ్లకు కరెంటు దాన్నుంచే అందుతుంది. సన్న వైర్లకు బదులు లావుపాటివి కనిపిస్తే అది హై వోల్టేజ్ కావచ్చు, ఇక మీరు చెయ్యి పెట్టకండి.

ప్రశ్న: హీట్ పంప్ బయటి యూనిట్ నుంచి పొగ వస్తోంది. టెన్షన్‌గా ఉంది.

కాలిన వాసన లేకపోతే అది ఆవిరే. హీట్ పంప్ బయటి గాలిలోని వేడిని ఇంట్లోకి తెస్తుంది. కాయిల్ మీద పట్టిన మంచును కరిగించుకోవడానికి యంత్రం కొన్ని నిమిషాలు వెనక్కి నడుస్తుంది. దాని చుట్టూ ఆకులు, మంచు పేరుకోకుండా చూస్తే చాలు. భయపడి ‘ఎమర్జెన్సీ హీట్’ నొక్కకండి, అప్పుడు పంప్ పక్కకి తప్పుకుంటుంది. చాలా ఇళ్లలో ఆ స్థానంలో పని చేసేది కరెంటు తినే హీటర్ కాయిల్.

ప్రశ్న: కార్బన్ మోనాక్సైడ్ అలారం రాత్రి నిమిషానికోసారి కిచమంటోంది.

చాలా మోడళ్లలో దానర్థం బ్యాటరీ అయిపోయిందని, లేదా అలారానికే కాలం చెల్లిందని. లోపలి సెన్సర్ ఎప్పటికీ ఉండదు, వెనక ముద్రించిన తేదీ చూసి మార్చండి. వరసగా నాలుగు బీప్‌లు, కాస్త ఆగి మళ్లీ నాలుగు వినిపిస్తే మాత్రం అది అసలు హెచ్చరిక. ఆ వాయువుకి రంగూ వాసనా ఉండవు. నోటిఫికేషన్ వచ్చిందని యాప్‌లో ‘సైలెన్స్’ నొక్కి మళ్లీ పడుకోకండి. ముందు అందరూ బయటికి రండి, ఆ తర్వాతే ఫోన్ తీయండి.