402 మీటర్ల కారుకు డ్యాష్‌బోర్డు: మేనల్లుడికి లేఖ

చిరంజీవి శ్రీకాంత్‌కు మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన బొమ్మ చూశాను. పాత మారుతి ఎస్టీమ్ కారు లోపలి డ్యాష్‌బోర్డు పూర్తిగా పీకేసి, ఆ చోట పది అంగుళాల తెర, దాని చుట్టూ ముళ్లు తిరిగే మీటర్లు తొమ్మిది, కింద రెండు వరుసల స్విచ్‌లు గీశావు. గీత చక్కగా ఉంది కానీ, అల్లుడూ, అది పెళ్లి పందిరికి కట్టిన సీరియల్ లైట్లలా ఉంది. నీది డ్రాగ్ రేసు కారు, తిన్నగా 402 మీటర్లు, అంటే పావు మైలు, పరుగెత్తి ఆగాలి. ఆ పరుగు పద్నాలుగు, పదిహేను సెకన్లలో ముగుస్తుంది. ముగింపు గీత దగ్గర వేగం గంటకు 150 కిలోమీటర్లు ఉందనుకో, అర సెకను తల దించితే ఇరవై మీటర్లు రోడ్డు చూడకుండా వెళ్లినట్టే. అందుకని ఆ బొమ్మలో ప్రతి మీటరు పక్కనా దాన్ని ఎప్పుడు చూస్తావో రాయి. కారు లైన్లో పెట్టే ముందా, పరుగులోనా, తిరిగి వచ్చాకా? రాయడానికి ఏమీ తోచకపోతే ఆ మీటరు తీసెయ్యి.

స్పీడోమీటరు మొదట పోతుంది. నీ వేగం ఎంతో, ఎంత సమయం పట్టిందో పోటీవాళ్లు ఇచ్చే చీటీలోనే ఉంటుంది. పెట్రోలు కొలిచి పోసుకుంటావు కాబట్టి పెట్రోలు ముల్లు కూడా వద్దు. గాలి, ఇంధనం నిష్పత్తి చూపే మీటరు పరుగులో చూసి చేసేదేమీ లేదు. ఆ లెక్కను లాగర్‌లో, అంటే అంకెలు దాచిపెట్టే పరికరంలో, నమోదు చేసుకుని షెడ్డుకు వచ్చాక చూడు. చివరికి మిగిలేవి ఇంజను ఆర్పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో), ఆయిల్ ప్రెషర్, నీటి వేడి, బ్యాటరీ వోల్టేజి. ఈ నాలుగింటిలోనూ చివరి రెండూ కారు కదలకముందు చూసుకునేవే.

పరుగులో నీ కంటికి పనికొచ్చేవి రెండు దీపాలు. ఒకటి గేరు మార్చమని చెప్పేది. దాన్ని ఏ ఆర్పీఎం దగ్గర వెలిగించాలన్నది చాలామంది తప్పుగా లెక్కేస్తారు. 7000 దగ్గర మార్చాలంటే దీపాన్ని 7000కే పెడతారు. ఒకటో గేరులో సెకనుకు 2500 చొప్పున ఎక్కే ఇంజను అనుకో. దీపం చూసి చెయ్యి కదలడానికి సెకనులో ఐదో వంతు పడుతుంది. ఈలోగా 500 ఎక్కేస్తుంది. అందువల్ల ఒకటో గేరుకు 6500 దగ్గరే వెలగాలి. మూడో గేరుకు వచ్చేసరికి ఇంజను నెమ్మదిగా ఎక్కుతుంది కనుక అంత ముందు అక్కర్లేదు. గేరు గేరుకూ వేరుగా అమర్చుకునే వీలున్న దీపం దొరికితే అదే కొను. దాన్ని అద్దం కింది అంచున, నీ చూపు రోడ్డు మీద ఉండగానే కనిపించే చోట పెట్టు.

రెండోది ఆయిల్ ప్రెషర్ దీపం. కంపెనీ బిగించిన స్విచ్ ప్రెషర్ సుమారు 5 పీఎస్‌ఐకి (ప్రెషర్ కొలిచే లెక్క అది) పడిపోయాక గాని దీపం వెలిగించదు. 6000 ఆర్పీఎంలో ఉన్న ఇంజనుకు అప్పటికే బేరింగులు పోయి ఉంటాయి. 25 పీఎస్‌ఐ దగ్గర వెలిగే స్విచ్ పెట్టుకో. ఇంజను వేడెక్కి నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు కూడా అది వెలగవచ్చు, దానికి కంగారు పడకు. పరుగులో వెలిగితే మాత్రం మరో ఆలోచన లేకుండా కాలు తీసెయ్యి.

మీటర్లు బిగించేటప్పుడు అంకెలు నిటారుగా కనిపించాలన్న పట్టింపు వదులు. అంతా సరిగ్గా ఉన్నప్పుడు ముళ్లన్నీ పైకే చూసేలా ఒక్కో మీటరునూ తిప్పి బిగించు. ఒక ముల్లు పక్కకు వాలితే అంకె చదవకుండానే తెలిసిపోతుంది. పాత రేసువాళ్ల పద్ధతి ఇది.

తెర సంగతి. మన నల్లగొండ, పాలమూరు ఎండలు 44, 45 డిగ్రీలకు చేరడం కొత్త కాదు. అద్దాలు మూసి నిలబెట్టిన కారు లోపల వేడి అంతకంటే ఎక్కువ. మామూలు టాబ్లెట్ తెర ఆ వేడికి మసకబారుతుంది, లేదా తనంతట తాను ఆగిపోతుంది. పోలరైజ్డ్ కళ్లద్దాలు పెట్టుకుంటే ఒక కోణంలో కొన్ని తెరలు నల్లగా మారిపోతాయి కూడా. తెర పెట్టే తీరాలంటే రేసింగ్ కోసం చేసిన చిన్నది తీసుకో.

ఇక పాత డ్యాష్‌బోర్డు చోట బిగించే రేకు. దానికంటే ముందు సీటు, బెల్టులు బిగించు. ఆ తర్వాత హెల్మెట్, గ్లవ్స్ వేసుకుని, భుజాల బెల్టు బిగుతుగా లాగుకుని కూర్చో. ఆ స్థితిలో నీ చెయ్యి ఎంతవరకు అందుతుందో రేకు కొలతకు కోసి ఆ చోట నిలిపిన అట్ట మీద ఎవరిచేతనైనా గుర్తు పెట్టించు. ఇంజను ఆపే స్విచ్, పెట్రోలు పంపు స్విచ్, మంటలార్పే సిలిండరు పిడి ఆ గుర్తుల లోపలే ఉండాలి. గ్లవ్స్ వేసుకున్న వేలికి చిన్న బటన్లు అందవు. పొడుగు పిడి ఉన్న టాగిల్ స్విచ్‌లు, మధ్యలో రెండు వేళ్ల ఎడం చాలు.

పాత డ్యాష్‌బోర్డు ఊడదీసేటప్పుడు ఒక జాగ్రత్త. చాలా కార్లలో దాని వెనుక అడ్డంగా ఇనుప గొట్టం ఉంటుంది, స్టీరింగ్ కాలమ్‌ను పట్టుకునేది అదే. బరువు తగ్గుతుందని దాన్ని కోయకు. కోయాల్సి వస్తే రోల్ కేజ్‌కు (కారు బోల్తాపడితే నిన్ను కాపాడే ఇనుప పంజరానికి) అడ్డ గొట్టం వెల్డింగ్ చేయించి, కాలమ్‌ను దానికి బిగించాకే పాతది తియ్యి.

రేకు 5052 రకం అల్యూమినియం, 1.6 మిల్లీమీటర్ల మందం తీసుకో. 6061 గట్టిదే కానీ దగ్గరగా వంచితే వంపులో పగులుతుంది. 1200 మిల్లీమీటర్ల పొడవు, 300 వెడల్పు ముక్క కిలోన్నర తూగుతుంది. అదే కొలత ఇనుప రేకైతే నాలుగున్నర కిలోలు. వంచడానికి హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు. మిర్యాలగూడలో రైస్ మిల్లులకు హాపర్లు చేసే షెడ్లలో మంచి బెండింగ్ యంత్రాలు ఉన్నాయి. అక్కడి మేస్త్రీలకు రేకు స్వభావం మనకంటే బాగా తెలుసు, అట్ట చేతికిచ్చి వాళ్ల మాట విను. వంపు గీతను ఇనుప మొనతో గీకవద్దని మాత్రం చెప్పు. అల్యూమినియం ఆ గీకుడు వెంటే చీలుతుంది, మార్కర్ చాలు. మోకాళ్ల వైపు అంచు పదునుగా వదలకుండా లోపలికి మడిపించు. చిన్న మీటర్లకు 52 మిల్లీమీటర్ల రంధ్రాలు పడతాయి. రేకును ప్లైవుడ్ మీద బిగించి, హోల్ సా అనే గుండ్రటి రంపానికి కిరోసిన్ తగిలిస్తూ నెమ్మదిగా కోస్తే అంచు శుభ్రంగా వస్తుంది. రంగు మాత్రం మెరుపులేని నలుపే. మెరిసే రేకు మధ్యాహ్నం ఎండను అద్దం మీదికి కొట్టి నీ కళ్లు మూయిస్తుంది.

పెట్రోలు ప్రెషర్ మీటరు లోపల కావాలని రాశావు. పెట్రోలు గొట్టాన్ని డ్యాష్‌బోర్డు దాకా తెచ్చే మాటైతే నేను ఒప్పుకోను. ఆ గొట్టం తెగితే పెట్రోలు నీ ఒళ్లో పడుతుంది. ఆ నాలుగింటికి తోడు అదీ తప్పదంటే, సెన్సార్ ఇంజను గదిలో బిగించి, లోపలికి వైరు మాత్రమే తీసుకురా.

వైరింగు మీద నేను ఎక్కువ మాట్లాడతానని మీ అమ్మ నవ్వుతుంది. నవ్వనీ. డ్యాష్‌బోర్డు స్విచ్‌ల గుండా పెద్ద కరెంటు పోకూడదు. పంపుకు, ఫ్యానుకు రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్‌లు) పెట్టి, స్విచ్‌తో రిలే కాయిల్‌ను మాత్రమే నడుపు. కాయిల్ లాగేది ఆంపియరులో ఐదో వంతు కూడా ఉండదు. రిలే మీద 30 అంకెకు ఫ్యూజు దాటి వచ్చే వైరు, 87కు పంపు, 85, 86కు స్విచ్ వైపువి. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి, వైరును కాపాడటానికే అది ఉన్నది. వైరు చివర తొడిగే లగ్గులను మంచి క్రింపింగ్ పనిముట్టుతో నొక్కు. సోల్డర్ పోస్తే అది వైరు పోగుల్లోకి పాకి గట్టిపడుతుంది, ఆ గట్టి అంచు దగ్గరే అదురుకు విరుగుతుంది. లగ్గులు, స్లీవులు, కనెక్టర్లు కోఠిలోని గుజరాతీ గల్లీలో దొరుకుతాయి.

ఎర్త్ వైర్లను డ్యాష్‌బోర్డు రేకుకు బిగించకు. రంగు, అనోడైజింగ్ పొర కరెంటును రానివ్వవు. మీటర్లవీ సెన్సార్లవీ ఒకచోట చేర్చి ఇంజను బ్లాకుకు తీసుకెళ్లు. ఆర్పీఎం వైరును ఇగ్నిషన్ కాయిల్ వైర్ల పక్కన నడిపించకు, ముల్లు ఎగిరెగిరి పడుతుంది. రేకు మొత్తం పావు మలుపు తిప్పితే విడిపోయే బిగింపులతో ఊడివచ్చేలా, వెనుక వైర్లన్నీ ఒకే పెద్ద కనెక్టర్‌కు చేరేలా పెట్టు. రెండు పరుగుల మధ్య ఫ్యూజు వెతకాల్సి వస్తే అప్పుడు నన్ను తలుచుకుంటావు.

ఇదంతా అయ్యాక జడ్చర్ల దగ్గర జాతీయ రహదారి మీద ఒకసారి పరుగెత్తించి చూస్తానని మాత్రం అనకు. బహిరంగ రోడ్డు మీద పందెం వేయడం మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం. పైగా రాత్రిపూట ఆ దారిలో లైట్లు లేని ట్రాక్టర్లు వస్తాయి. కారును ట్రైలర్ మీద శ్రీపెరంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు తీసుకెళ్లు. ఆ పోటీకి పెట్టిన నిబంధనల పుస్తకం ముందే తెప్పించుకుని, రంధ్రాలు కోయకముందే చదువు.

ఆఖరిది కారు కరెంటంతా ఒక్కసారే తెంపే మాస్టర్ కటాఫ్ స్విచ్. లోపల ఒకటి, బయట నిలబడినవాళ్లకు అందేలా ఒకటి కావాలి. చాలామంది బ్యాటరీని మాత్రమే తెంపుతారు. ఇంజనుతో తిరుగుతూ కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ వైరు ఇగ్నిషన్ వైపే ఉండిపోతే స్విచ్ తిప్పినా ఇంజను దాని కరెంటుతో తిరుగుతూనే ఉంటుంది. ఆ చార్జింగ్ వైరును ఫ్యూజుతో నేరుగా స్విచ్‌కు బ్యాటరీ వైపున కలుపు. కలిపాక షెడ్డులో న్యూట్రల్‌లో ఇంజనును 3000 దగ్గర ఉంచి, బయట నిలబడ్డ మనిషిని స్విచ్ తిప్పమను. ఇంజనూ పంపూ రెండూ వెంటనే ఆగాలి. ఆగకపోతే ట్రైలర్ ఎక్కించకు. నాకు ఫోను చెయ్యి, టెస్ట్ ల్యాంపు పట్టుకుని బస్సెక్కుతాను.

మీ మామయ్య,
నల్లగొండ