సారె సంగతి తర్వాత చూద్దాం

"మేడమ్, నాకు 26 ఏళ్లు. పాప పుట్టి నాలుగు నెలలైంది, పుట్టింట్లోనే ఉన్నాను. ఐదో నెలలో పంపమని అత్తగారు, ఏడో నెల దాకా పంపనని అమ్మ. మధ్యలో నేను నలిగిపోతున్నాను. పాప నిద్రపోయినా నాకు నిద్ర రాదు. పాప ఏడిస్తే పక్కింటి బిడ్డెవరో ఏడుస్తున్నట్టుంటుంది. గాలి సోకిందని అమ్మ తాయెత్తు కట్టించింది. చెల్లికి సంబంధాలు చూస్తున్నాం, ఎవరికీ చెప్పొద్దంది. ఆయనకీ చెప్పలేదు. నన్ను ఏ నెలలో వెళ్లమంటారు? మీ కూతురులాంటిదాన్ని."

కూతురులాంటిదాన్నన్నావు కాబట్టి నువ్వనే అంటాను తల్లీ. ఏ నెలలో వెళ్లాలో నేను చెప్పను. అది రెండిళ్ల పెద్దవాళ్లు కూర్చుని తేల్చుకునే పని. ఈ స్థితిలో నువ్వు ఏ ఇంట్లో ఉన్నా ఒకటే.

ఉత్తరం చివర ఒక వాక్యం రాసి కొట్టేశావు. గీతల కింద అక్షరాలు కనిపిస్తూనే ఉన్నాయి. దాన్ని ఇక్కడ అచ్చు వేయడం లేదు. ఆ ఆలోచన మళ్లీ వస్తే గదిలో ఒక్కదానివే ఉండకు, లేచి ఇంట్లో ఎవరో ఒకరి పక్కకి వెళ్లు. 14416కి ఫోన్ చెయ్యి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్. రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

నీకు వచ్చింది కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ అని నా అనుమానం. అవునో కాదో డాక్టరు చూసి చెప్పాలి. మనలాంటి దేశాల్లో ప్రతి ఐదుగురు బాలింతల్లో దాదాపు ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య వస్తోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఎడిన్‌బరోలో 1987లో బాలింతల కోసమే పది ప్రశ్నల పరీక్ష తయారు చేశారు. అందులో పదో ప్రశ్న, నువ్వు కొట్టేసిన వాక్యం గురించే. అంటే నీకొచ్చిన ఆలోచన ఎందరో తల్లులకి వచ్చిందే. నువ్వు చెడ్డ తల్లివి కావు.

ఉత్తరంలో సగం అత్తగారి మీద రాశావు. ఆవిడ మనవరాల్ని చూడాలంటోంది, అంతకు మించి నాకేమీ కనిపించలేదు. నీ నోరు మూయించింది మీ అమ్మ. ప్రేమ లేక కాదు. పత్యం వండిపెట్టి, రాత్రిళ్లు పాపని భుజాన వేసుకుని తిరిగిన మనిషే. కానీ నువ్వు బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడుస్తుంటే తలుపవతల నుంచి "ఊరుకో, నాన్నగారికి వినిపిస్తుంది" అందని రాశావే, ఉత్తరం అక్కడే పక్కన పెట్టేశాను. మళ్లీ చదవడానికి కాస్త సేపు పట్టింది.

అమ్మ మాట దాటకూడదని పెరిగినవాళ్లమే అందరం. నేనూ అంతే. కానీ జబ్బు దాచమంటే మాత్రం కన్నతల్లి చెప్పినా వినక్కర్లేదు. ఈ రాత్రే మీ ఆయనకి ఫోన్ చేసి చెప్పు. అమ్మ అనుమతి అడగకు. తర్వాత ఈ కాగితం ఆవిడ చేతికివ్వు.

అమ్మగారూ, మీ భయం నాకు తెలుసు. పిచ్చిదన్న ముద్ర పడితే పెద్దదాని కాపురం, చిన్నదాని పెళ్లి ఏమవుతాయోనని. పాకిస్తాన్‌లో రావల్పిండి దగ్గరి పల్లెల్లోనూ ఇలాంటి ఇళ్లే. గర్భంతో ఉండగానే కుంగిపోయిన తల్లుల ఇళ్లకి అక్కడి ఆరోగ్య కార్యకర్తలు వెళ్లి, శిక్షణలో నేర్చుకున్న పద్ధతిలో మాట్లాడారు. ఇంట్లో వాళ్లనీ కలుపుకున్నారు. మామూలుగా వెళ్లొచ్చిన చోట, కాన్పయిన ఆరు నెలలకి 100కి 53 మంది ఇంకా డిప్రెషన్‌లోనే ఉన్నారు. ఇలా మాట్లాడిన చోట 23 మందే. 2008లో అచ్చయిన లెక్క ఇది. జింబాబ్వేలో హరారే నగరంలో డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్టు 2006లో ఈ పని 14 మంది అమ్మమ్మలతో మొదలుపెట్టాడు. క్లినిక్ ఆవరణలో బెంచీ మీద కూర్చుని, వచ్చిన మనిషి చెప్పుకునేది వినడం వాళ్ల పని. అక్కడి షోనా భాషలో ఈ బాధని 'కుఫుంగిసిస' అంటారు, అతిగా ఆలోచించడమని. "ఆలోచనలెక్కువై పాడైపోతోంది" అని మనమూ అంటాం కదా.

ఆ అమ్మమ్మలూ మీలాంటి ఆడవాళ్లే. మీ అమ్మాయికి వినేవాళ్లు గుమ్మం దాటకుండానే దొరకాలి. తాయెత్తు ఉంటే ఉండనివ్వండి, దాని మీద నాకు తగువు లేదు. రేపు పొద్దున్నే జిల్లా ఆస్పత్రిలో మానసిక వైద్యుల ఓపీకి తీసుకెళ్లండి. పాలిస్తోందని ముందే చెప్పండి. పాలిచ్చే తల్లులు వాడదగ్గ మందులున్నాయి, పాలు మాన్పించాలని మీరే అనుకోకండి. లోపల అడిగినవాటికి జవాబు తననే చెప్పనివ్వండి. ఆటోలో పాపని మీరు ఎత్తుకోండి, అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకోండి. దారిలో ఏడిస్తే ఏడవనివ్వండి.