స్పిట్‌ఫైర్ స్టీరింగ్ కాలమ్ ఊగుతోందా? బుష్‌లు చూడండి

మీ ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ (పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) స్టీరింగ్ పైకీ కిందకీ ఊగి టకటకమంటోందన్నారు కదా. ర్యాక్ (చక్రాలను తిప్పే పళ్ల కడ్డీ) మీద అనుమానం వద్దండీ. షాఫ్ట్ (స్టీరింగ్ కడ్డీ) బయటి గొట్టంలో అటూ ఇటూ కదిలితే అరిగింది కాలమ్ బుష్‌లే, అంటే షాఫ్ట్‌ను గొట్టంలో పట్టి ఉంచే రబ్బరున్న తొడుగులే. పైదీ కిందదీ రెండూ మార్చండి.

ముందు బ్యాటరీ నెగెటివ్ తీయండి. చక్రాలు ముందుకు నేరుగా పెట్టి, షాఫ్ట్‌కీ కప్లింగ్‌కీ (షాఫ్ట్‌ను ర్యాక్‌కు కలిపే ముక్క) కలిసేలా పెయింట్ గీత గీయండి. కప్లింగ్‌ను షాఫ్ట్‌కు బిగించే పించ్ బోల్ట్ వదులు చేస్తే చాలదు, పూర్తిగా లాగేయాలి. అది షాఫ్ట్ గాడిలో కూర్చుంటుంది. ఇక్కడ సుత్తి మాత్రం వాడకండి, కాలమ్ పాడవుతుంది.

షాఫ్ట్, పాత బుష్‌లు తీశాక, కొత్త బుష్ బొడిపెలు గొట్టం రంధ్రాల్లో కచ్చితంగా దిగాలి, లేదంటే జారిపోతుంది. షాఫ్ట్ తుప్పును సన్నటి ఎమరీతో (గరుకు కాగితం) తుడిచి, సిలికాన్ గ్రీజే రాయండి. మామూలు గ్రీజుకు రబ్బరు ఉబ్బుతుంది. నైలాక్ నట్లు (వదులు కాకుండా లోపల నైలాన్ వలయం ఉండేవి) కొత్తవే వేయండి.