కంప్యూటర్ లేకుండా, పారేసే బాటిల్ మూతలతో పిల్లలకు కోడింగ్ నేర్పించవచ్చా?

నేర్పించవచ్చు, కానీ మూతలు అతికించడం కోడింగ్ కాదు, వాటిని ఎలా పేర్చాలో ఇంకొకరు చదివి తప్పులేకుండా చేసేలా రాయడం కోడింగ్. ప్రోగ్రామ్ అంటే వరుసలో ఉన్న ఆదేశాలు, ఎన్నిసార్లు చేయాలి, ఎక్కడ ఆగాలి అనే షరతులు. ఇవన్నీ కాగితం మీదే కుదురుతాయి.

నెలగంట పెట్టినప్పటి నుంచి నెల్లూరు, ఒంగోలు వీధుల్లో వేసే చుక్కల ముగ్గునే చూడండి: "7 చుక్కలు, సందు చుక్క, 4 వరకు". ఇది అచ్చంగా లూపే, అంటే ఒకే పనిని షరతు తీరేదాకా మళ్లీ మళ్లీ చేయించే ఆదేశం. 37 వాటర్ బాటిల్ మూతలు, 30 సెం.మీ. చదరపు అట్టముక్క చాలు. నడి వరుసలో ఒక మూత మధ్య నుంచి పక్క మూత మధ్యకు 4 సెం.మీ. ఎడంతో 7 మూతలు. అక్కడి నుంచి పైకీ కిందికీ వరుసకు ఒకటి తగ్గిస్తూ, మొదటి మూతను 2 సెం.మీ. లోపలికి జరుపుతూ, 4 మూతల వరుస వేశాక ఆపాలి. ఒకరు రాసింది మరొకరు పేర్చాలి. రాసినవాళ్లు నోరు మెదపకూడదు.

జరపడం రాయకపోతే ఆకారం ఒక పక్కకు పోతుంది. "4 వరకు" అంటే 4 రాకముందే ఆగడం అనుకుంటే 29 మూతలే పడి 8 మిగులుతాయి (పెద్ద ప్రోగ్రామర్లకూ తప్పని పొరపాటిది). దిద్దాల్సింది కాగితాన్ని, మూతల్ని కాదు. అందుకే ఫెవికాల్ చివర్లో.

ట్యాబ్ కొంటేనే కోడింగ్ అన్నది అపోహ. చెత్తతో ఏ బొమ్మ చేసినా కోడింగే అన్నది అంతకంటే పెద్ద అపోహ. కాగితం మీద కుదిరాక, పిల్లల కోసం ఉచితంగా దొరికే ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ స్క్రాచ్‌లో రిపీట్ బ్లాక్, పెన్ ఎక్స్‌టెన్షన్‌లోని స్టాంప్ బ్లాక్‌తో ఇదే ముగ్గు వేయించవచ్చు.