మేనల్లుడా, అన్నదమ్ముల బిడ్డా?

సందేహం: స్కాట్లండ్‌లో పుట్టిన ఓడల వ్యాపారి విలియం మెకినన్ గురించి ఒక వ్యాసం చదివాను. ఆయన తరువాతి రోజుల్లో కంపెనీకి అధ్యక్షుడైన డంకన్ మెకినన్‌ను అందులో ‘మేనల్లుడు’ అన్నారు. ఇంటిపేరు ఒకటే అయినప్పుడు మేనల్లుడు ఎలా అవుతాడు? ‘నౌకాయాన వ్యాపారి’ అనడం సరేనా?
— ఒక పాఠకురాలు, కాకినాడ

సమాధానం: రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను: ‘ఓడల వ్యాపారి’ అన్న తేట మాట ఉండగా ‘నౌకాయానం’ దాకా పోనక్కరలేదు.

మొదటిది పెద్ద సంగతి. ఇంగ్లీషు ‘నెఫ్యూ’ కనబడగానే ‘మేనల్లుడు’ అని రాసేయడం ఈనాటి అనువాదకులకు అలవాటైపోయింది. ఈ అలవాటు నాకు బాధ కలిగిస్తుంది. మగవాడికి అక్కచెల్లెళ్ల కొడుకు, ఆడదానికి అన్నదమ్ముల కొడుకు మేనల్లుడు. మగవాడికి అన్నదమ్ముల కొడుకు కొడుకు వరసే; వాడు ఇతన్ని పెదనాన్న అనో చిన్నాన్న అనో పిలుస్తాడు గాని మామయ్యా అనడు. మేనరికం ఉన్న సమాజంలో ఈ మేనల్లుడే కూతురికి మొగుడు కాగలడు కనుక మేనల్లుడికీ కూతురి మొగుడికీ ‘అల్లుడు’ ఒక్కటే మాట అయింది. పిల్లనిచ్చి తెచ్చుకున్నవాణ్ణి పుట్టుకతో వచ్చినవాడి నుంచి వేరుచేయడానికి ‘మేన’ చేరింది. అత్త, మామ, కోడలు అన్న మాటలకూ ఇంతే. పెదనాన్నకూ పినతల్లికీ ఈ ‘మేన’ అవసరం రాలేదు. ఇది ‘మేను’ నుంచి వచ్చిందంటారు. అలాగైతే ‘మేని’ అని ఉండాలి గదా అన్న ఆక్షేపణకు బలం ఉన్నా, ఒక మేని రక్తమన్న ఆ భావాన్ని వదులుకోవడానికి నా మనసొప్పదు.

సంస్కృతమూ ఈ భేదాన్ని పాటించింది: సోదరి కొడుకు భాగినేయుడు, సోదరుని కొడుకు భ్రాతృవ్యుడు. ఈ ‘భ్రాతృవ్య’ శబ్దానికి శత్రువన్న అర్థం కూడా ఉంది. పాణిని రెండర్థాలకూ వేర్వేరు సూత్రాలు చేశాడు. ఆస్తి పంచుకునే దాయాదే పగవాడు కావడమన్న కురువంశ కథంతా ఆ ఒక్క మాటలో ఇమిడి ఉంది.

మెకినన్ ఇంట జరిగింది దీనికి విరుద్ధం. 1823లో క్యాంబెల్‌టౌన్‌లో పుట్టి, 1847లో ఇండియాకు వచ్చిన ఆయన 1856లో కలకత్తా–బర్మా స్టీమరు కంపెనీ పెట్టాడు. 1862లో అది బ్రిటిష్ ఇండియా స్టీమరు కంపెనీ అయింది. మన కోస్తా రేవుల నుంచి వేలమంది కూలీలు ‘రంగం’ (బర్మాలోని రంగూన్) వెళ్లింది దాని స్టీమర్ల మీదే. ఆయనకు సంతానం లేదు. 1889లో వచ్చిన, తండ్రి నుంచి కొడుకుకు సంక్రమించే బారోనెట్ బిరుదు 1893లో ఆయనతోనే అంతరించింది. వ్యాపారం మాత్రం తోడబుట్టినవాళ్ల బిడ్డల చేతుల్లోనూ, జేమ్స్ మెకే వంటి బయటివాళ్ల చేతుల్లోనూ పెరిగింది. కూతురే లేని మనిషికి ‘అల్లుణ్ణి’ అంటగట్టడం వినడానికే ఎబ్బెట్టుగా ఉంది.

ఇంటిపేరును బట్టి డంకన్‌ను ‘అన్నదమ్ముల బిడ్డ’ అనడమే మేలు. అయితే ఒకే ఇంటిపేరువాళ్లు పెళ్లాడకూడదన్న మన కట్టుబాటు అక్కడ లేదు కాబట్టి, ఇంటిపేరు గట్టి సాక్ష్యమే గాని తిరుగులేనిది కాదు. వరస తేలనిచోట ‘తోబుట్టువు కొడుకు’ అనవచ్చు. కాకపోతే తోబుట్టువంటే అక్కో చెల్లెలో మాత్రమే అనుకునే ఊళ్లూ ఉన్నాయి.